పెన్నా ఒడ్డున ఉండేవాళ్లు అక్టోబరు రాకముందే చూసుకోవాల్సినవి

ఏడాదిలో ఎక్కువ నెలలు పెన్నాలో ఇసుకే కనిపిస్తుంది కాబట్టి అది ఏరన్న సంగతే మర్చిపోతాం. బండ్లు అడ్డంగా తోలేస్తాం, గొర్రెల్ని వదిలేస్తాం, కొందరైతే మోటార్లు కూడా ఏట్లోనే బిగించి ఉంచుతారు. ఈశాన్య రుతుపవనాలు మొదలవకముందే వాటిని గట్టుకి ఎక్కించండి, నీళ్లు వచ్చాక టైముండదు.

మీ ఊళ్లో చినుకు పడలేదు కదా అని ధైర్యంగా ఉండొద్దు. నంది కొండల్లో పుట్టి అనంతపురం, కడప, నెల్లూరు మీదుగా దాదాపు 600 కిలోమీటర్లు వచ్చే నది ఇది. పడమటి కనుమల చాటున ఉండటంతో పైభాగానికి నైరుతి వానలు అంతంతమాత్రమే, కానీ బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చెయ్యేరు, పాపాఘ్ని, చిత్రావతి లాంటి ఉపనదులన్నీ కలిసి మీదపడొచ్చు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఊళ్లకి ఊళ్లే మునిగాయి. అందుకే మీ ఆకాశం కాదు, ఎగువ డ్యాముల గేట్ల కబురు చూడండి. వాయుగుండం రోజుల్లో ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోవద్దు.

నాకు వరద కన్నా ఎక్కువ టెన్షన్ ఇసుక తవ్విన గుంతలతోనే. ఎండాకాలంలో అవి కళ్లకి కనిపిస్తాయి, కానీ ఎర్రనీళ్లు నిండాక పైన అంతా ఒకే మట్టంగా ఉంటుంది, మోకాళ్ల లోతులో నడుస్తున్నవాడు తర్వాతి అడుగుకే మునిగిపోతాడు. పైగా గుంత అంచు తడి ఇసుక, పట్టుకుంటే చేతిలోనే జారిపోతుంది. ఈత వచ్చినవాళ్లకి కూడా ఇది తప్పదు. పిల్లలకి ఆ చోట్లు ఇప్పుడే, ఏరు ఎండి ఉండగానే, తీసుకెళ్లి చూపించండి.

కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే బైకైనా కారైనా ఆపేయాల్సిందే. అర మీటరు ప్రవాహం చాలు కారుని పక్కకి నెట్టడానికి, పైగా కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి తెలీదు.

వరద తీసాక కూడా వెంటనే ఏట్లో దిగొద్దు, పైకి గట్టిగా కనిపించే ఒండ్రులో నడుము దాకా కూరుకుపోతారు. చెలమ నీళ్లు కొన్నాళ్లు కాచే తాగండి.

పశువుల్ని మాత్రం వాయుగుండం రాత్రుల్లో కొట్టంలో కట్టేయకండి. పలుపు విప్పేస్తే మెట్టకి అవే ఎక్కుతాయి.