ప్యాలెస్ ఆన్ వీల్స్ ఎక్కబోయే మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు

అమ్మానాన్నల షష్టిపూర్తికో, పెళ్లిరోజుకో రాజస్థాన్, ఆగ్రా తిప్పి చూపించే ఖరీదైన టూరిస్టు రైలు ప్యాలెస్ ఆన్ వీల్స్ బుక్ చేద్దామనుకుంటున్నారా? ఒక్క మాట వినండి. ఆ రైలు ఢిల్లీ సఫ్దర్‌జంగ్ స్టేషన్‌లో బుధవారం సాయంత్రం బయలుదేరుతుంది. మనకు విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌లో దిగొచ్చు. కానీ అదే రోజు దిగి, అదే రోజు ఎక్కేలా టికెట్లు తీయకండి. డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాదిన పొగమంచుకు రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. మంగళవారానికే ఢిల్లీ చేరిపోతే టెన్షన్ ఉండదు. అంత డబ్బు కట్టి రైలు తప్పిపోతే ప్రాణం ఉసూరుమంటుంది.

జైపూర్, చిత్తోడ్‌గఢ్, ఉదయ్‌పూర్, జైసల్మేర్, జోధ్‌పూర్, ఆగ్రా అన్నీ 7 రాత్రుల్లో చూపిస్తారు. పెద్ద చక్రాల సూట్‌కేస్ వద్దు. ఎంత రాజభోగమైనా అది రైలు పెట్టే. మెత్తటి గుడ్డ బ్యాగైతే నొక్కిపెట్టి మంచం కిందికి తోసేయొచ్చు. అందులో పైనే స్వెట్టర్లు, మంకీ క్యాప్ పెట్టండి. జైసల్మేర్‌లో పగలు ఎండగా ఉన్నా, పొద్దు గూకగానే ఎడారి చలి ఎముకలు కొరికేస్తుంది. మన సముద్రపు గాలికి అలవాటైన ఒళ్లు తట్టుకోలేదు.

మోకాళ్ల నొప్పులుంటే చిత్తోడ్ కోటలో విజయస్తంభం కింద నిలబడి చూడటమే మేలు. 9 అంతస్తుల ఆ స్తంభం లోపలి మెట్లు బాగా ఇరుకు. బయటి శిల్పాలే తనివితీరా చూడొచ్చు.