నెమ్మదిగా బండి నడపడం – 3వ పాఠం: కాళ్లు ఎక్కడుండాలి?

మొదటి పాఠంలో చూపు గురించి, రెండో పాఠంలో హాఫ్ క్లచ్ గురించి, అంటే క్లచ్ లివరు సగం వదిలి పట్టుకోవడం గురించి చెప్పుకున్నాం. లివరు వదులుతుండగా బండి ముందుకు లాగడం ఎక్కడ మొదలవుతుందో మీ ఎడమ చేతి వేళ్లకు ఈపాటికి తెలిసిపోయి ఉండాలి. తెలియకపోతే తొందరేమీ లేదు. ఇంకో రెండు రోజులు దాని మీదే ఉండి, తర్వాత ఈ పాఠానికి రండి. ఇక్కడ చెప్పేదంతా ఆ పట్టు మీదే నిలబడుతుంది.

బళ్లో స్లో సైకిల్ రేసు ఆడారా? అందరికంటే చివర వచ్చినవాడే గెలిచినట్టు. కాలు నేల మీద పెట్టావా, ఆటలోంచి అవుటు. సైకిలు మీద పదేళ్లకే ఒంటబట్టిన ఆ నియమం మోటారు సైకిలెక్కగానే మనలో చాలామందికి గుర్తుండదు. సాయంత్రం ఆరున్నరకి విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడి చూడండి. పచ్చ లైటు పడగానే బళ్లు కదులుతాయి. సగం మంది రెండు కాళ్లూ చాపి నేలని రాసుకుంటూ పది పదిహేను గజాలు పోయాక గానీ కాళ్లు పైకి తీసుకోరు. అది జాగ్రత్త అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఒక సందులోకి కుడివైపు తిప్పుతున్నాను. వెనక అమ్మ ఒక పక్కకి కూర్చుని ఉంది, ఒళ్లో కూరల సంచి. ఇరుకు కదా అని రెండు కాళ్లూ కిందికి వదిలేశాను. ఎదురుగా ఒక తోపుడు బండి ఆగింది. కాలు వెనక బ్రేకు పెడల్ మీద లేదు కాబట్టి చెయ్యి ముందు బ్రేకు పట్టింది. హ్యాండిల్ తిరిగే ఉంది. బండి కుడివైపు పడిపోయింది. నాకు దెబ్బ తగల్లేదు. అమ్మ వెనక్కి పడి చెయ్యి ఆనించింది, మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాల్లోనే కాళ్ల గురించి మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఈ పాఠం రాయడానికి అసలు కారణం అదే.

అక్కడ జరిగింది విడమర్చి చూద్దాం. నడక వేగంలో వెళ్లే బండిని దాని వేగమే నిలబెట్టదు. ఎటు ఒరిగితే అటు హ్యాండిల్‌ని కాస్త తిప్పుతూ, చక్రాలని బరువు కిందికి తెచ్చుకుంటూ మనమే నిలబెడతాం. ముందు చక్రం పక్కకి తిరిగి ఉండగా ముందు బ్రేకు పడిందంటే ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే స్ప్రింగు గొట్టాలు) కిందికి దిగుతాయి, బరువు మలుపు లోపలి వైపుకి తోసుకొస్తుంది, బండి చటుక్కున ఆగిపోతుంది. ఇక దాన్ని లేపడానికి కదలికంటూ మిగలదు. నూరు కిలోలు దాటిన బండిని, పైన మనిషితో సహా, ఒక్క కాలు ఆపలేదు. అందుకే నెమ్మదిగా తిరిగేటప్పుడు ముందు బ్రేకు మీద వేళ్లు ఉండకూడదు. ఆ పని వెనక బ్రేకుది. వెనక బ్రేకు కుడి పాదం కింద ఉంది. పాదం గాలిలో వేలాడుతుంటే అది లేనట్టే.

కాళ్లు వేలాడేస్తే ఇంకో నష్టం. మోకాళ్లు ట్యాంకుని వదిలేస్తాయి, బండికీ మీకూ సంబంధం తెగుతుంది. వెనక కూర్చునేవారి ఫుట్‌రెస్టు తెరిచి ఉంటే అది వచ్చి పిక్కకి తగులుతుంది. గుంతలో పాదం ఇరుక్కుంటే చీలమండ మెలిపడుతుంది.

ఇప్పుడు పాదం పెట్టే చోటు. హైవే మీద జోరుగా పోయేవాళ్లు పాదం ముందు భాగాన్ని ఫుట్‌రెస్టు మీద ఉంచుతారు. ఊళ్లో, నెమ్మదిగా వెళ్లేటప్పుడు అది పనికిరాదు, పెడల్ అందదు. అరికాలి మధ్య వంపు ఫుట్‌రెస్టు మీదకి రావాలి. కుడి పాదం వేళ్లు పెడల్ పైన, తాకీ తాకనట్టు. ఊరికే అదిమి ఉంచితే వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది, బ్రేకు వేడెక్కుతుంది. ఎడమ పాదం గేరు లివరు ముందు వెనకల మధ్య ఉండాలి. మడమతో కూడా గేరు వేసే లివరున్న బండైతే, మడమ బరువు వెనక భాగం మీద పడకుండా చూసుకోండి. సందు మధ్యలో మీకు తెలియకుండానే గేరు మారి ఇంజను ఆగిపోవడానికి ఇదొక కారణం. వేళ్లు ముందుకి చూడాలి, బయటికి కాదు. మోకాళ్లు ట్యాంకుకి ఆని ఉండాలి. హవాయి చెప్పులు వద్దు. వానలో తడిసిన రబ్బరు ఫుట్‌రెస్టు మీద జారిపోతుంది.

అలా కూర్చున్నాక అసలు పని. మొదటి గేరు, హాఫ్ క్లచ్, కొద్దిగా రేజు (యాక్సిలరేటర్). రేజు మార్చకుండా అలాగే ఉంచి, కుడి పాదంతో వెనక బ్రేకుని కాస్త తాకించండి. ఇంజను ముందుకి లాగుతుంటుంది, బ్రేకు వెనక్కి పట్టుకుంటుంది. ఆ రెండింటి మధ్య చైను బిగువుగా ఉండి బండి కుదుపు లేకుండా సాగుతుంది. వేగం తగ్గాలంటే పాదం ఇంకాస్త, పెరగాలంటే పాదం కాస్త వదలాలి. చేతులు కదలక్కర్లేదు. క్లచ్ ప్లేట్లు అరిగిపోతాయేమో అని కొందరు అడుగుతారు. మన ఊళ్లో తిరిగే మామూలు బళ్ల క్లచ్ ఇంజనాయిల్‌లో మునిగి ఉంటుంది. పది నిమిషాల సాధనకి దానికేం కాదు. వాసన వచ్చినా, ఇంజను బాగా వేడెక్కినా ఆపి చల్లారనివ్వండి.

ఒక జాగ్రత్త. 2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే 125 సీసీ లోపు బళ్లకి ముందు, వెనక బ్రేకులు కలిసి పడే ఏర్పాటో, ఏబీఎస్సో (బ్రేకు పడ్డప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉండాలని నియమం వచ్చింది. కలిసి పడే ఏర్పాటున్న చాలా బళ్లలో వెనక పెడల్ తొక్కితే ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు వెళుతుంది. డ్రమ్ము బ్రేకు బండైతే సెంటర్ స్టాండు వేసి, ఇంట్లో ఎవరినైనా పెడల్ నొక్కమని, ముందు చక్రం దగ్గర కేబుల్ కదులుతుందేమో చూడండి. కదిలితే మలుపులో మీ పాదం మరీ తేలిగ్గా ఉండాలి. గట్టిగా తొక్కారంటే మార్కెట్ సందులో నాకు జరిగిందే జరుగుతుంది, చెయ్యికి బదులు కాలు చేస్తుంది అంతే.

ఆగడం. ముందు హ్యాండిల్ తిన్నగా రావాలి, తర్వాత బండి ఆగాలి, ఆ తర్వాతే కాలు దిగాలి. ఈ వరస తప్పకూడదు. దిగేది ఎడమ కాలు, కుడి పాదం బ్రేకు మీదే. అయితే మన రోడ్లు నీళ్లు పోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటాయి. మనం నడిపేది ఎడమ అంచునే. బందరు రోడ్డులో అంచుకి పోయి ఆగితే ఎడమవైపు నేల రెండు మూడు అంగుళాలు కిందికి పోతుంది. పొట్టివాళ్లు పడేది అక్కడే. అంచుకి పోకుండా ఒక గజం లోపలే ఆగండి. రెండు పాదాలూ ఆనాలన్న పట్టుదల వదిలేసి, నడుముని సీటు మీద ఎడమకి కాస్త జరిపి, ఒక్క పాదం పూర్తిగా ఆనించండి. తప్పనిసరై కుడి కాలు దించాల్సి వస్తే వెనక బ్రేకు పోయినట్టే. అప్పుడు మాత్రం, హ్యాండిల్ తిన్నగా ఉంటేనే, ముందు బ్రేకు పట్టుకోండి.

పక్కకి కూర్చునేవారి గురించి చెప్పకపోతే మన ఊళ్లో ఈ పాఠం పూర్తి కాదు. అటూ ఇటూ కాళ్లు వేసుకుని కూర్చోవడమే మేలు, ఆ మాట ఇంట్లో చెప్పండి. కానీ చీర కట్టుకున్న అమ్మనో అత్తయ్యనో కూర్చోబెట్టుకునే రోజులు ఉంటాయి. వారి కాళ్లూ ఒళ్లూ ఎడమవైపే కాబట్టి బండి బరువు ఎడమకి లాగుతుంది. తిన్నగా పోవాలంటే మీరు సీటు మీద ఒక వేలెడు కుడికి జరగాలి. వారు ఎక్కేటప్పుడు మాత్రం రెండు పాదాలూ నేల మీదే ఉండాలి, హ్యాండిల్ తిన్నగా, ముందు బ్రేకు బిగించి. ‘ఎక్కమ్మా’ అని మీరు చెప్పాకే ఎక్కాలి. చెంగు సర్దుకున్నాక, వెనక కడ్డీ పట్టుకున్నాక, హెల్మెట్ బిగించాక కదలండి. ఈ సాధన మొదలుపెట్టాక కనీసం రెండు వారాలు ఎవరినీ వెనక ఎక్కించుకోవద్దు.

సాధనకి ఆదివారం పొద్దున్నే మీ కాలనీలో ఖాళీ వీధో, అనుమతి ఉన్న గ్రౌండో చూసుకోండి. ఆటోనగర్ లోపలి వీధులు వద్దు, రోడ్డు మీద ఆయిల్ మరకలుంటాయి. హెల్మెట్, బూట్లు తప్పనిసరి.

సుద్దముక్కతో యాభై అడుగుల గీత గీయండి. గీత పక్కనే, కాలు దించకుండా, వీలైనంత ఆలస్యంగా దాటండి. మొదటి రోజు పది సెకన్లు పట్టవచ్చు. ఇరవై దాకా వచ్చాక మలుపుకి వెళ్లండి. ఇరవై అడుగుల వెడల్పులో నీళ్ల సీసాలు పెట్టి కుడివైపు యూ టర్న్ చేయండి. బండిని లోపలికి ఒరగనిచ్చి, మీ ఒంటిని బయటి వైపు ఉంచండి, బరువు ఎడమ ఫుట్‌రెస్టు మీద మోపండి. చూపు ముందు చక్రం మీద కాదు, మీరు చేరాల్సిన చోట. కుదిరాక పదిహేను అడుగులకి తగ్గించండి. ఎడమవైపు కూడా అంతే. చాలామందికి కుడి మలుపు కష్టం, కుడి చెయ్యి ఒంటి దగ్గరికి వచ్చి రేజు తెలియకుండా మారిపోతుంది. మోచెయ్యి వదులుగా ఉంచితే తగ్గుతుంది.

నోటు పుస్తకంలో రోజూ మూడు సంగతులు రాయండి. గీత దాటడానికి ఎన్ని సెకన్లు పట్టింది, కాలు ఎన్నిసార్లు దిగింది, దిగిన ప్రతిసారీ కుడి పాదం పెడల్ మీద ఉందా లేదా. మూడోది నిజాయితీగా రాయండి. దసరా రద్దీలో ప్రకాశం బ్యారేజీ దాటాల్సి వస్తే అది పన్నెండు వందల మీటర్ల గీత అనుకోండి. ముందు బండికి కాస్త జాగా వదిలి, అడుగడుగునా పాకకుండా, ఒక్కసారే కదలండి.

వచ్చే పాఠం ఎత్తు ఎక్కే దారి మీద ఆగి మళ్లీ కదలడం. దానికి కుడి పాదం బ్రేకు మీద నిలబడటం అలవాటై ఉండాలి.