ఆపరేషన్‌కి మీ రక్తం మీరే దాచుకోవాలంటే

నేను ఒంగోలులో బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌ని. కనిగిరి, పొదిలి వైపు నుంచి తుంటి, మోకీలు ఆపరేషన్లకు వచ్చేవాళ్లది నెగటివ్ గ్రూపు అని తేలితే ఇంటిల్లిపాదికీ టెన్షనే. డోనర్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. తేదీ ముందే ఖాయమైన ఆపరేషన్ అయితే మీ రక్తమే ముందుగా తీసి దాచి, మీకే ఎక్కించే పద్ధతి ఉంది.

తేదీ చెప్పిన రోజే డాక్టర్‌ని అడగండి: "ఈ ఆపరేషన్‌లో రక్తం ఎక్కించాల్సి రావచ్చా?" అవసరం పడనిదానికి తీయించుకుంటే నీరసమే మిగులుతుంది. వాడని సంచిని మామూలుగా వేరేవాళ్లకు ఇవ్వరు, పారేస్తారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

తర్వాత హిమోగ్లోబిన్. 11 గ్రాములకు తగ్గితే తీయం. మన ఆడవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అందుకే నెల ముందే పరీక్ష చేయించుకుని, డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు మొదలుపెట్టాలి. మాత్రను టీ, కాఫీలతో వేసుకోకండమ్మా, ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసంతో మంచిది. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నా, గుండె జబ్బు ముదిరినా ఈ పద్ధతి వద్దు.

సాధారణంగా వారానికి ఒక సంచి తీస్తాం. ఆఖరుది ఆపరేషన్‌కి కనీసం 72 గంటల ముందు అయిపోవాలి. మామూలుగా వాడే సంచిలో రక్తం 35 రోజులు నిలవ ఉంటుంది. కాబట్టి ఆపరేషన్ వాయిదా పడితే వెంటనే బ్లడ్ బ్యాంకుకి చెప్పండి. రక్తం ఇచ్చిన రోజు బస్సులో ఒంటరిగా వెళ్లకండి, ఎవరినైనా తోడు తెచ్చుకోండి.

ముందు తీయడం కుదరకపోతే ఆపరేషన్ గదిలోనే కారిన రక్తాన్ని మిషన్‌తో పీల్చి, సెలైన్‌తో కడిగి, ఎర్రకణాలు తిరిగి ఎక్కించవచ్చు. దాన్ని సెల్ సేవర్ అంటారు. అన్ని ఆసుపత్రుల్లో ఉండదు, ఖర్చు కూడా ముందే అడగండి. చీము పట్టినచోట, పేగు తెగినచోట సాధారణంగా వాడరు. క్యాన్సర్ ఆపరేషన్ అయితే డాక్టర్ ఆలోచించి చెప్పాలి.

నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే, లేబుల్. సొంత రక్తమే అయినా సంచి మారితే ప్రాణాలకే ప్రమాదం. రక్తం ఇచ్చిన వెంటనే సంచి మీద మీ పేరు, ఆసుపత్రి నంబరు, బ్లడ్ గ్రూపు చదివి చూసుకోండి, చదువు రాకపోతే పక్కవాళ్లతో చదివించుకోండి. ఎక్కించే ముందు ఆ వివరాలు నర్సు మళ్లీ సరిచూస్తారు. మీ రక్తం దాచిన సంగతి ఆపరేషన్ రోజు ఉదయం మత్తు డాక్టర్‌కి మీ నోటితో చెప్పండి, బ్లడ్ బ్యాంకు ఇచ్చిన స్లిప్పు చూపించండి.