కాలేజీకి వెళ్లే పిల్లలకు మొదటి కారు ఎలా ఎంచుకోవాలి? గోదావరి డెల్టా తల్లిదండ్రుల కోసం

ఇంటర్ పూర్తి చేసి ఇంజినీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరిన పిల్లలకు కారు కొనివ్వాలనుకునే తల్లిదండ్రులు సాధారణంగా ఏ కంపెనీ, ఏ రంగు, ఎంత ధర అనే ప్రశ్నలతోనే షోరూములోకి అడుగు పెడతారు. ఆ మూడూ నిజానికి చివర తేలవలసినవి. పిల్లలు రోజూ ఏ దారిలో నడుపుతారో, ఆ దారిలో ఏ ప్రమాదం ఉందో, బండి మీద నెలనెలా ఎంత ఖర్చవుతుందో ముందుగా తేల్చుకుంటే కంపెనీ ఎంపిక చాలావరకు దానంతటదే కుదురుతుంది.

1. ముందు వయసు, లైసెన్సు

కారు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరేనాటికి చాలామందికి పదిహేడే ఉంటాయి కాబట్టి, సీటు వచ్చిన సంతోషంలో అదే నెలలో బండి కొని తాళాలు చేతికివ్వడం తొందరపాటు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు దొరకదు. ఊళ్లో రోడ్డే కదా, చెరువు దాకా వెళ్లి రావడమే కదా అనే సర్దుబాటుకు చట్టంలో చోటు లేదు.

లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది; అది వచ్చిన 30 రోజుల తర్వాత శాశ్వత లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. ఆ మధ్యకాలంలో పక్కన లైసెన్సు ఉన్నవారు కూర్చోవాలి, బండికి ముందూ వెనకా ‘ఎల్’ అక్షరం ఉండాలి. శాశ్వత లైసెన్సు చేతికి వచ్చాక కొన్ని నెలలు ఇంట్లో ఉన్న బండినే నడపనిచ్చి, ఆ తర్వాత కొత్త కారు ఆలోచన చేయడం మేలు. ఏ బండి సరిపోతుందో అప్పటికి పిల్లలే సగం చెప్పగలుగుతారు.

2. రోజూ నడిచే దారిని రాసుకోండి

డెల్టాలో ఒకే ప్రయాణంలో మూడు రకాల రోడ్లు తగులుతాయి. రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెంల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిపై లారీల మధ్య వేగంగా వెళ్లాలి. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా సాగే 216వ నంబరు రహదారిపై మధ్యమధ్య ఊళ్లు, సంతలు, స్కూలు పిల్లలు ఎదురవుతారు. ఇక మూడోది కాలువ గట్టు రోడ్డు. ఒకవైపు నీళ్లు, రెండోవైపు పంట చేను, ఎదురుగా బస్సు వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయవలసిన వెడల్పు, చాలాచోట్ల రక్షణ గోడ లేని మలుపు. డెల్టాలో మొదటి కారును ఈ మూడో రోడ్డును దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం. హైవే మీద ఏ బండైనా తిన్నగానే పోతుంది.

ఈ దారికి రుతువులూ ఉన్నాయి. సార్వా కోతలప్పుడు నవంబరు, డిసెంబరు నెలల్లోనూ, దాళ్వా కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లోనూ రోడ్డులో సగం ధాన్యం రాశులదే. ఆ రాశుల అంచున రాత్రిపూట రాళ్లు కూడా పెడతారు. భీమవరం చుట్టుపక్కల చేపలు, రొయ్యల లారీల నుంచి కారే నీటితో రోడ్డు వాన లేకపోయినా తడిగా, జారుడుగా ఉంటుంది. వెనక లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కులు, శీతకాలపు పొగమంచు సంగతి ఇక్కడ పెరిగినవారికి చెప్పనక్కరలేదు. నల్లరేగడి నేల మీద వేసిన రోడ్లు కుంగి అలలు తేలడం వల్ల నలుగురు ఎక్కిన చిన్న కారు అడుగు భాగం సులభంగా తగులుతుంది.

కాబట్టి వెడల్పు తక్కువగా, నాలుగు మీటర్ల లోపు పొడవుతో, నేలకూ బండి అడుగుకూ మధ్య సుమారు 170 మిల్లీమీటర్లు తగ్గకుండా, ముందు అంచులు డ్రైవరు సీట్లోంచి స్పష్టంగా కనిపించే బండిని చూడాలి. హెడ్‌లైట్లను రాత్రిపూట నడిపి చూసిన తర్వాతే బేరం మాట్లాడాలి. గట్టు మీద వెనక్కి తీయవలసిన అవసరం తరచుగా వస్తుంది కనుక వెనక కెమెరా ఇక్కడ విలాసం కాదు. పాత బండికైనా బయట బిగించుకోవచ్చు.

కాలువ గురించి ఒక మాట వివరంగా చెప్పుకోవాలి. కారు నీళ్లలో పడితే బయటి నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. మొదటి క్షణాల్లోనే బెల్టు విప్పి, పక్క అద్దం దించి, అందులోంచి బయటపడాలి. అద్దం దిగకపోతే పగలగొట్టాలి. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న రకం కావడంతో సుత్తికి లొంగదు, పక్క అద్దాలు చాలా కార్లలో ముక్కలవుతాయి. బెల్టు కోసే బ్లేడుతో కలిపి వచ్చే చిన్న సుత్తి కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని డిక్కీలో కాక డ్రైవరు చేతికి అందేచోట బిగించాలి.

3. నెల ఖర్చు లెక్క వేయండి

కొనే ధర కంటే నడిపే ఖర్చే ఇంటిని ఇబ్బంది పెడుతుంది. ఉదాహరణకు భీమవరం నుంచి తాడేపల్లిగూడెం సుమారు 35 కిలోమీటర్లు. రానూపోనూ 70, నెలకు 22 రోజులైతే 1,540 కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు దాదాపు 86 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయలు అనుకుంటే 9,400 దాటుతుంది. దీనికి బీమా, సర్వీసు, టైర్ల కోసం దాచవలసిన మొత్తం, అప్పు చేస్తే వాయిదా కలపాలి. ఈ అంకె చూశాక బస్సు పాసు తీసుకుని, కారును వారాంతాలకూ వానరోజులకూ ఉంచుకుందామని నిర్ణయించే కుటుంబాలు ఉంటాయి. అది తెలివైన నిర్ణయమే.

4. డబ్బు మొదట రక్షణ మీద పెట్టండి

సన్‌రూఫ్, పెద్ద తెర, అల్లాయ్ చక్రాల కోసం పై వేరియంటుకు వెళ్లేముందు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోనివ్వని ఏబీఎస్ బ్రేకులు, బండి జారకుండా అదుపు చేసే ఈఎస్‌సీ ఉన్నాయో లేదో చూడాలి. మనదేశంలో కొత్త కార్లకు ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవరు ఎయిర్‌బ్యాగు, బెల్టు హెచ్చరిక, అతివేగపు హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సార్లు 2019 జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. పక్క సీటు ఎయిర్‌బ్యాగు నిబంధన 2021 చివరికి పాత మోడళ్లకూ వర్తించింది. అందువల్ల పాత కారు కొనేవారు 2022 లేదా ఆ తర్వాత తయారైనదాన్ని చూస్తే ఈ కనీస రక్షణ ఏ వేరియంటులోనైనా ఉంటుంది. అంతకంటే పాతదైతే వేరియంటువారీగా విచారించుకోవాలి.

ఢీకొట్టి చూసే పరీక్షల్లో వచ్చిన నక్షత్రాలనూ చూడాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో టాటా నెక్సాన్‌కు 2018లో, ఆల్ట్రోజ్‌కూ మహీంద్రా ఎక్స్‌యూవీ300కూ 2020లో, మారుతి డిజైర్ కొత్త తరానికి 2024లో పెద్దల రక్షణలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. 2023 అక్టోబరు నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ అమల్లో ఉంది. అయితే 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ నియమాలు కఠినం అయ్యాయి కనుక అంతకుముందు వచ్చిన ఐదింటినీ ఆ తర్వాతి ఐదింటినీ సమానంగా లెక్కించకూడదు. అదే పేరుతో వచ్చిన పాత తరం బండికి కొత్త తరం నక్షత్రాలు వర్తించవు. అమ్మేవారు ఈ తేడాను తమంతట తాముగా చెప్పరు.

5. ఏ ఇంధనం?

కాలేజీ రాకపోకలకు చిన్న పెట్రోలు ఇంజినే సరైనది. బీఎస్6 కాలుష్య ప్రమాణాలకు తయారైన డీజిలు కార్లలో మసిని పట్టే ఫిల్టరు తరచు చిన్న ప్రయాణాలతో నిండిపోయి ఇబ్బంది పెడుతుంది. ఉభయ గోదావరి జిల్లాల్లో సీఎన్‌జీ బంకులు ఉన్నందున దూరం ఎక్కువైతే ఆ రకం కలిసివస్తుంది. కానీ డిక్కీ చాలావరకు పోతుంది, బంకుల దగ్గర వరుసలో నిలబడాలి, సిలిండరును మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. బయటి గ్యారేజీలో బిగించిన కిట్టు కంటే కంపెనీ బిగించినదే నమ్మదగినది. హాస్టల్లో ఉండే పిల్లలకు చార్జింగ్ వసతి లేకపోతే ఎలక్ట్రిక్ కారు ఆలోచన పక్కన పెట్టాలి.

6. పాత బండిని పరీక్షించడం

మొదటి కారుకు గీతలు పడక తప్పదు కనుక నాలుగైదేళ్ల వయసున్న, ఒకే యజమాని చేతిలో ఉన్న, దగ్గరి ఊరి బండిని కొనమని నా సలహా. దగ్గరి ఊరిదైతే దాని చరిత్ర అక్కడి మెకానిక్కుకు తెలిసే ఉంటుంది.

ముందు నంబరు చూడండి. ఏపీ 05, ఏపీ 37 నంబర్లు రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస మొదలైన 2019కి ముందువి. పీవై 04 అంటే యానాం రిజిస్ట్రేషన్. పక్కనే ఉన్న ఊరైనా అది పుదుచ్చేరి. వేరే రాష్ట్రపు బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే తిరిగి రిజిస్టరు చేయించాలి, పాత చోటి నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్ఓసీ) తేవాలి, ఇక్కడి జీవిత పన్ను కట్టాలి. తెలంగాణ బండికీ ఇంతే. ధరలో కనిపించే తగ్గింపు చాలాసార్లు ఈ ఖర్చుతో సరిపోతుంది.

తర్వాత నీళ్లు. 2022 జులైలో గోదావరి వరద లంకలను ముంచింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన బండిని కడిగి, పాలిష్ పెట్టి అమ్మడం కష్టమైన పని కాదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, అడుగున బురద మరక కనిపించవచ్చు. కార్పెట్ ఎత్తి, సీటు పట్టాలకూ వాటి బోల్టులకూ తుప్పు ఉందేమో చూడండి. స్టెప్నీ గుంటలో, ఫ్యూజుల పెట్టెలో ఒండ్రు పొడి, హెడ్‌లైట్లలో ఆవిరి, లోపల ఘాటైన సెంటు వాసన అనుమానించవలసిన గుర్తులు. ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్ల బండ్లకు తలుపుల కింది అంచుల్లో, సైలెన్సరు దగ్గర, చాసిస్ కింద తుప్పు వెతకాలి. మెకానిక్కు బండిని ర్యాంపు మీద ఎక్కించి చూడనివ్వని బేరం మానుకోవడమే మంచిది.

బండిని పొద్దున్నే, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే మరోరోజు రండి. ఆగకుండా వచ్చే నీలి పొగ ఆయిలు కాలుతున్నట్టు, ఆగని దట్టమైన తెల్ల పొగ కూలెంటు లోపలికి చేరుతున్నట్టు తెలుపుతుంది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోయినా, అసలు వెలగకపోయినా తప్పే. రెండోది మరీ అనుమానాస్పదం, ఎందుకంటే దీపం తీసేసి లోపం దాచే అవకాశం ఉంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి: 2321 అంటే 2021లో 23వ వారం. ఆరేడేళ్లు దాటిన టైర్లకు గాడులు బాగా కనిపించినా కొత్తవాటి ధరను బేరంలో తగ్గించుకోవాలి.

ఇంకొకటి: ఫోర్డ్, షెవర్లే, డాట్సన్ వంటి మనదేశంలో అమ్మకాలు ఆపేసిన కంపెనీల కార్లు చవకగా వస్తాయి. గట్టి బండ్లే కొన్ని ఉన్నాయి, కాని విడిభాగం కోసం కాలేజీ పిల్లలు వారాలు తిరగవలసి వస్తే ఆ చవకకు అర్థం లేదు.

7. పేరు, కాగితాలు, బీమా

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి యజమాని వరుస, అప్పు, బీమా గడువు చూడాలి. పెండింగ్ చలానాలు కూడా పరిశీలించాలి. అప్పు తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు మిగిలి ఉంటే, బ్యాంకు ఎన్ఓసీతో ఫారం 35 ఇప్పించి తొలగించిన తర్వాతే పూర్తి డబ్బు చెల్లించాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి. తేదీ వేయకుండా సంతకం పెట్టిన ఫారాలు చేతులు మారుతూ తిరిగే బేరాలకు దూరంగా ఉండండి.

ఎవరి పేరు మీద కొనాలన్నది కేవలం ఆస్తి సంగతి కాదు. బీమాతోపాటు వచ్చే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద రక్షణ బండి యజమానికే, అదీ లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. కారు నాన్న పేరున ఉండి కూతురో కొడుకో నడుపుతుంటే ఆ రక్షణ పిల్లలకు రాదు. పిల్లల పేరున విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోవాలి. 18 నిండి లైసెన్సు ఉన్న పిల్లల పేరునే రిజిస్టరు చేయించడం మరో మార్గం. క్లెయిము చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు, అంటే పాత యజమాని నో క్లెయిమ్ బోనస్, ఆయనదే, బండితో రాదు. పాలసీని 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించకపోతే సొంత బండి నష్టానికి క్లెయిము తిరస్కరించే అవకాశం ఉంది.

డెల్టాలో ఇంజిను రక్షణ యాడ్-ఆన్ తీసుకోవడం తప్పనిసరి అనే నేను అంటాను. నీటిలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే నీరు సిలిండర్లలోకి చేరి ఇంజిను విరిగిపోతుంది. మామూలు పాలసీ ఆ నష్టాన్ని చెల్లించదు. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే దిగవద్దని, ఆగిపోతే తాళం తిప్పవద్దని, బండిని తోయించి మెకానిక్కును పిలవాలని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

8. బండి ఇంటికి వచ్చాక

పాత కారైతే సర్వీసు పుస్తకంలో ఏం రాసి ఉన్నా ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు ఆయిలు మార్పించి, బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు చూపించాలి. ఆ తేదీ, కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డు అరలో పెట్టాలి. మొదటి నెల కాలేజీ దారిలో పక్కన పెద్దవారు కూర్చుని, పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, వాన పడుతున్నప్పుడు ఒకసారి నడిపించాలి. స్నేహితులను ఎక్కించుకోవడం ఆ తర్వాతి సంగతి. వెనక సీటులో కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలనీ, ఐదుగురి కారులో ఆరో మనిషి ఎక్కకూడదనీ తాళాలిచ్చే రోజునే ఒప్పించుకోవాలి.