పాత బాణీ, దాన్ని చూసి పుట్టిన కొత్త బాణీ: ఇంట్లోనే ఆర్కెస్ట్రా కచేరీ ఎలా పెట్టుకోవాలి

మన వైజాగ్ కళాభారతి ఆడిటోరియంలో కర్ణాటక కచేరీలు వినే అలవాటు ఉన్నవాళ్ళకి బరోక్ సంగీతం (సుమారు 1600–1750 మధ్య యూరప్ శాస్త్రీయ సంగీతం) అస్సలు కష్టం కాదండి, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ వాయించిన ఊరు మనది. కాకపోతే వైజాగ్‌లో సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీ దొరకడం కష్టం కాబట్టి ఫ్రెండ్స్‌ని పిలిచి రికార్డింగులతో ఇంట్లోనే పెట్టేసుకోండి. రూల్ ఒక్కటే, పాత పీస్ అవ్వగానే దాని జంట కొత్త పీస్ వచ్చేయాలి, మధ్యలో కబుర్లు వద్దు, పాతది చెవిలో ఉండగా వింటేనే కొత్తాయన ఏం తీసుకున్నాడో ఏం మార్చాడో తెలుస్తుంది.

మొదట ఇటలీ బరోక్ స్వరకర్త వివాల్డి 'ఫోర్ సీజన్స్'లో సమ్మర్ పెట్టండి. 1725లో అచ్చయింది, ఒక్కో సీజన్‌కీ ఒక పద్యం ఉంటుంది, సమ్మర్‌ది ముందే చదివి వినిపించండి: ఎండకి సొమ్మసిల్లిన మనుషులు, పశువులు, ముసిరే ఈగలు, చివర్లో వడగళ్ళు పడి చేలు నాశనం. మే నెల ఉక్కపోత, ఆ తర్వాత సాయంత్రం ఒక్కసారిగా విరుచుకుపడే గాలివాన తెలిసిన మనకి ఆ వయొలిన్లు మొదట్లో ఎందుకంత నీరసంగా ఈడుస్తాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

వెంటనే అర్జెంటీనా స్వరకర్త పియాజోల్లా రాసిన బ్యూనస్ ఎయిర్స్ సమ్మర్, టాంగో (అక్కడి డాన్స్ సంగీతం) అన్నమాట. దేస్యాత్నికోవ్ అనే మరో స్వరకర్త సోలో వయొలిన్‌కీ తీగ వాయిద్యాలకీ మార్చిన వెర్షనే వెతకండి. వివాల్డి ఊళ్ళో చలికాలం అయితే అర్జెంటీనాలో ఎండాకాలం కదా, అందుకే ఈ సమ్మర్‌లో వివాల్డి వింటర్ ముక్కలు పెట్టాడు దేస్యాత్నికోవ్, నాకు మొత్తం ప్రోగ్రాంలో ఇదే ప్రాణం. వింటర్ మొదలు కాస్త ముందే వినిపించి ఉంచితే అందరూ టక్కున పట్టేస్తారు.

రెండో జంట జర్మన్ బరోక్ స్వరకర్త బాక్ మూడో బ్రాండెన్‌బర్గ్ కన్సర్టో, 1938 నాటి రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ 'డంబార్టన్ ఓక్స్'. బాక్‌లో మూడు వయొలిన్లు, మూడు వయోలాలు (వయొలిన్ కన్నా కాస్త పెద్దవి), మూడు చెల్లోలు (ఇంకా పెద్దవి, కింది స్వరాలవి), కింద బాస్, హార్ప్సికార్డ్ (పాతకాలపు పియానోలాంటిది). పై ట్యూన్ వదిలేసి చెల్లోల వెంట వెళ్ళండి, ఒకే ముక్క చేతులు మారడం వినిపిస్తుంది. మధ్య భాగానికి బాక్ రాసింది రెండు కార్డ్‌లే (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి వాయించడం), కొందరు అక్కడ మన మనోధర్మంలా సొంతంగా అల్లుతారు. స్ట్రావిన్‌స్కీది పదిహేను మంది వాయించేది, అదే నడక కానీ దెబ్బ మాత్రం అనుకోని చోట పడుతుంది, తాళం వేస్తూ వినండి, ఎక్కడ తప్పుతున్నారో అక్కడే ఆయన పనితనం.

ఫోన్ స్పీకర్‌తో మాత్రం వద్దు, బాస్ పోతే బరోక్‌లో సగం పోయినట్టే. కొత్తవాళ్ళుంటే ఈ ఆర్డర్ మార్చకండి, స్ట్రావిన్‌స్కీతో మొదలెడితే బెదిరిపోతారు.