జిల్లా పేజీలో స్టార్టప్ వార్త రావాలంటే

చిన్న స్టార్టప్‌ల ప్రెస్ నోట్లు ఎన్ని మెయిళ్లు పంపినా పేపర్లో రావు. ఇంగ్లిష్ పీడీఎఫ్‌ను హైదరాబాద్ డెస్క్‌కు (వార్తలు ఎంచి, దిద్దే విభాగానికి) పంపే బదులు ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి లాంటి పత్రికలకు మీ ఊళ్లో ఉన్న విలేకరికి వాట్సాప్ చేయండి.

మ్యాటర్ తెలుగులో, యూనికోడ్‌లో (ఫోన్‌లో మామూలుగా టైప్ అయ్యే అక్షరాల్లో), 120-150 మాటల్లో ఉండాలి. కాపీ చేసుకోవడానికి వీలుగా మెసేజ్‌లోనే టైప్ చేయండి. మొదటి వాక్యంలోనే ఊరి పేరు, ఎవరికేం ఉపయోగమో రావాలి. తర్వాత ధర, ఇప్పటికి ఎంతమంది వాడుతున్నారు అన్నవి. ‘వినూత్న’, ‘విప్లవాత్మక’ తీసేయండి, డెస్క్‌లో ఎలాగూ కొట్టేస్తారు.

ఫొటో ఒక్కటి చాలు. అడ్డంగా తీసింది, లోగో లేనిది, మనిషి ఆ వస్తువు వాడుతున్నది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గదు. ఫొటో కింద అందులో ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి వరసగా, మీ ఫోన్ నంబరు రాయండి. మధ్యాహ్నం 3లోపు పంపితే మంచిది. సాయంత్రం విలేకరులకు ఊపిరాడదు.

ఎన్నికలు, తుపాను రోజుల్లో ఇది పనిచేయదు, వారం ఆగండి. ‘యాప్ లాంచ్ చేశాం’ తప్ప ఇంకేం లేకపోతే మాత్రం యాడ్ ఇవ్వమంటారు.