గ్రామసభలో సర్కారు పథకం గురించి మీరే చెప్పాల్సి వస్తే...

తెలంగాణలో కొత్త సర్కారు వచ్చాక ఊళ్ళో దాని తరఫున మాట్లాడే పని మీ మీద పడితే, మీరు సర్పంచ్ అయినా, కార్యదర్శి అయినా, కండువా వేసుకున్న కార్యకర్త అయినా సరే, మైకు కంటే ముందు లిస్టు చేత పట్టుకోండి. మన పాలమూరు, నల్లగొండ ఊళ్ళల్లో జనానికి పథకంతో పేచీ తక్కువ. నా పేరు ఎందుకు లేదో ఎవరూ చెప్పరేం అన్నదే పేచీ.

రైతుల పంట రుణమాఫీ చూడండి. 2024 జులై 18న లక్ష లోపు అప్పులతో మొదలుపెట్టి, ఆగస్టు 15కి 2 లక్షల దాకా తెచ్చారు. కానీ లెక్క మనిషికి కాదు, కుటుంబానికి, ఆ కుటుంబం ఏదో తేల్చడానికి చూసింది రేషన్ కార్డు. భర్త పేరున లక్షన్నర, భార్య పేరున లక్ష ఉంటే పైనున్న 50 వేలు ముందు కట్టాలి. ఈ సంగతి బ్యాంకుకు పోయాక తెలిస్తే ఎవరికైనా మండుతుంది.

అందుకే సభకు రెండు రోజుల ముందే కార్యదర్శితో, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి)తో కూర్చుని, రాని పేర్లన్నీ తీసి ఒక్కో పేరు ఎదురుగా కారణం రాయించండి: ఆధార్‌లో ఒక పేరు పాస్‌బుక్‌లో ఇంకో పేరు, కార్డు లేదు, అప్పు 2 లక్షలు దాటింది, ఇట్లా. "పైనుంచి రాలేదు" అన్నది కారణం కాదు. అప్పు ఎంతో మాత్రం మైకులో చదవొద్దు, పరువు పోతుంది, పక్కకు పిలిచి చెప్పండి.

సన్నబియ్యానికి ఈ తిప్పలేం లేవు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టారు, మనిషికి 6 కిలోలు, వండుకుని తిన్నవాళ్ళకు వేరే చెప్పేదేముంది.

భూమి విషయం అట్లా కాదు. 2024 నవంబర్‌లో లగచర్లలో, అదీ ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం కొడంగల్‌లో, ఫార్మా (మందుల) కంపెనీల కోసం భూసేకరణ మీద మాట్లాడటానికి వెళ్ళిన అధికారుల మీద దాడి జరిగింది, కొన్నాళ్ళకు ఫార్మా ఆలోచననే సర్కారు వదులుకుంది. భూమి పోయే ఇంటికి సభ కంటే ముందే వెళ్ళండి, ఎకరానికి ఎంత, ఎప్పుడిస్తారు, కాగితం ఏది, ఈ మూడింటికీ జవాబు లేకపోతే అసలు సభే పెట్టకండి.

ఇక ప్రజాపాలన పేరుతో పథకాల కోసం సర్కారు ఊరూరా తీసుకున్న దరఖాస్తులు. "ప్రజాపాలనల రాసిచ్చినం కదా, మళ్ళా ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. పాత రసీదు నంబర్ తీసుకుని అది ఆన్‌లైన్‌లో ఎక్కిందో లేదో అక్కడే చూసి చెప్పండి, ఎక్కకపోతేనే కొత్తది తీసుకోండి. మళ్ళీ ఎప్పుడు చెప్తారో తేదీ ఇచ్చి, పని కాకపోయినా ఆ రోజు పంచాయతీ ఆఫీసులో కనపడండి, ఫోన్ స్విచాఫ్ చేసుకోకుండా.